మావాడి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) టీమ్ వరసగా ఓడిపోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

టార్నీట్ నాన్న:
అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్‌కి పడమటి వైపు ఉంటాం. మావాడు అండర్-14లో ఆడతాడు. సీజన్ సగం అయిపోయింది, ఇంకా బోణీ కాలేదు. టీమ్ మేనేజర్ పని నా నెత్తిన పడింది. కోచ్ కూడా ఒక పేరెంటే, మంచివాడు, చెబితే వింటాడు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, ఈ ఆట నాకు అంతంతమాత్రం. పోయిన ఆదివారం మావాళ్ళు 3 గోల్స్, 9 బిహైండ్లు, మొత్తం 27. అవతలివాళ్ళు 9 గోల్స్, 6 బిహైండ్లు, మొత్తం 60. వేరే క్లబ్ నుంచి ఇద్దరు ముగ్గురు మంచి ప్లేయర్లను తెచ్చుకోవడం తప్ప దారి లేదని కొందరు పేరెంట్స్ అంటున్నారు. నిజమేనా?

గీలాంగ్ బాబాయ్:
ఆ స్కోరు మళ్ళీ ఒకసారి చూడండి సార్. మీవాళ్ళకి 12 స్కోర్లు, వాళ్ళకి 15. తేడా మూడే. కానీ ఓడింది 33 పాయింట్లతో. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు; పక్క స్తంభం వైపు పోతే బిహైండ్, 1 పాయింటే, కాబట్టి అలా అవుతుంది. అంటే బంతి ముందుకు వెళ్తూనే ఉంది, కొట్టే చోటే తప్పు. ఆ 9 బిహైండ్లలో అవతలి డిఫెండర్లు తోసేసినవి ఒకటో రెండో ఉండొచ్చు, మిగతావి ఎక్కువగా పాకెట్‌లోంచి, అంటే గోల్ దగ్గర బౌండరీ పక్క మూలలోంచి, పరుగెత్తుతూ కొట్టినవే అయ్యుంటాయని నా అనుమానం. ఈ ఆదివారం ఎవరైనా ఒక పేరెంట్‌ని కాగితం మీద గ్రౌండ్ బొమ్మ గీసి, ప్రతి షాట్ ఎక్కడి నుంచి కొట్టారో చుక్క పెట్టమనండి. కోచ్‌కి మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

పాకెట్‌లో బంతి దొరికిన కుర్రాడు తలెత్తి గోల్ ఎదురుగా మనవాడు ఎవడున్నాడో చూసి వాడికి కొట్టాలి. బంతి 15 మీటర్లు వెళ్ళి చేతికి చిక్కితే మార్క్, ఆ తర్వాత ప్రశాంతంగా కొట్టుకోవచ్చు. మన పిల్లలు చాలామంది ఎండాకాలం క్రికెట్ ఆడేవాళ్ళే, హై క్యాచ్‌లు అలవాటే. అలాంటివాళ్ళను ముందు నిలబెట్టండి.

కిక్ సరిగ్గా పోకపోతే అందరూ కాలునే తిడతారు. నేను చెయ్యి చూస్తాను. తన్నే కాలు వైపు చేత్తో బంతిని నడుము ఎత్తు దాకా తెచ్చి వదలాలి. ఛాతీ ఎత్తు నుంచి వదిలేస్తే అది గాల్లోనే వంకర తిరిగి పాదానికి అడ్డంగా తగులుతుంది. గోల్ ప్రాక్టీస్ ట్రైనింగ్ మొదట్లో కాకుండా చివర్లో పెట్టండి, మ్యాచ్‌లో కొట్టేది కూడా రొప్పుతూనే కదా.

ఇక అవతలివాళ్ళ ఆ 9 గోల్స్ సంగతి. ఈ వయసులో గోల్స్ ఎక్కువగా మనం పోగొట్టుకున్న బంతి నుంచే వస్తాయి. ముఖ్యంగా వాళ్ళ బిహైండ్ తర్వాత మన ఫుల్ బ్యాక్ (గోల్ ముందు నిలబడే డిఫెండర్) బంతిని లోపలికి తన్నేటప్పుడు చూడండి. గ్రౌండ్ మధ్యలోకి కొట్టి, అది అవతలివాడి చేతిలో పడితే ఎదురుగా గోల్ ఖాళీ. బౌండరీ వైపు పొడవుగా, ఎత్తరి కుర్రాడి మీదకి కొట్టమనండి. వాడు పట్టకపోయినా పర్లేదు, కింద పడే బంతి కోసం ఇద్దరు పొట్టివాళ్ళు సిద్ధంగా ఉండాలి. అయితే నేల తాకకుండా నేరుగా లైన్ దాటితే ఫ్రీ కిక్ వాళ్ళకే.

హైదరాబాదీ:
బాబాయ్ చెప్పినదానికి టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం, కలపండి. మనవాళ్ళు కబడ్డీ రక్తంతో మడమ పట్టేస్తారు. ఇక్కడ భుజాల కింద, మోకాళ్ళ పైన మాత్రమే. మెడ మీద చెయ్యి పడినా, కాలు అడ్డం పెట్టినా ఫ్రీ కిక్ పోయినట్టే.

రిచ్‌మండ్ అభిమాని:
ప్లేయర్లను తెచ్చుకోవాలన్న మాటకి. పెద్ద లీగ్ AFLలో రిచ్‌మండ్ టీమ్‌ది 2016లో 13వ స్థానం. కోచ్ డేమియన్ హార్డ్‌విక్‌ని తీసేయాలని గోల గోల. మరుసటి ఏడాదే, అంటే 2017లో, కప్పు కొట్టింది, 1980 తర్వాత మొదటిసారి. కొత్తవాళ్ళు వచ్చిన మాట నిజమే, కానీ అసలు మార్పు ముందు వరసలో. పొడుగు ఫార్వర్డ్ జాక్ రివోల్ట్ ఒక్కణ్ణే ఉంచి, చుట్టూ డాన్ బట్లర్, డానియెల్ రియోలీ లాంటి పొట్టి, చురుకైన కుర్రాళ్ళను పెట్టారు. అవతలి డిఫెండర్లకి బంతి బయటికి తీసుకెళ్ళడానికి ఊపిరి సలపనివ్వలేదు.

అదే లీగ్‌లో మెల్‌బోర్న్ టీమ్ కథ ఇంకా నిదానం. 2013లో 22 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు. 2014లో కోచ్‌గా పాల్ రూస్ వచ్చి ముందు స్కోరు ఇవ్వకుండా ఆపడం నేర్పాడు. ఆ ఏడు గెలిచింది 4 మ్యాచ్‌లే, కానీ ఓటముల తేడా బాగా తగ్గింది. కప్పు 2021లో గానీ రాలేదు. బ్రిస్బేన్ 2017లో అట్టడుగు, 2018లోనూ 5 గెలుపులే, 2019లో 16 గెలిచి రెండో స్థానం. ఆ 2018లో వాళ్ళు తెచ్చుకున్న ల్యూక్ హాడ్జ్ రిటైర్మెంట్ వయసులో ఉన్నవాడు. డిఫెన్స్‌లో నిలబడి చిన్నవాళ్ళకి ఎవరు ఎక్కడ ఉండాలో అరిచి చెప్పడమే అతని పెద్ద పని. మీ టీమ్‌లోనూ అలా నోరున్నవాడు ఒకడుంటాడు, వాణ్ణి వెనక పెట్టండి.

వెరిబీ అమ్మ:
ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి అన్నయ్యా. ట్రైనింగ్‌కి ఎంతమంది వస్తున్నారు? మా దగ్గర ట్రైనింగ్ రోజే ట్యూషన్. సెలెక్టివ్ స్కూల్ పరీక్ష ఉందని సగం మంది రారు, ఆదివారం మాత్రం అందరికీ జెర్సీ కావాలి. ఎనిమిది మందితో ప్రాక్టీస్ చేసి టీమ్‌గా ఆడమంటే ఎలా? మేం కార్లు వంతులు వేసుకున్నాక కొంచెం నయం.

టార్నీట్ నాన్న:
పోయిన గురువారం వచ్చింది తొమ్మిది మందమ్మా, నిజమే. కార్ల సంగతి ఈ రాత్రే పేరెంట్స్ గ్రూప్‌లో పెడతాను. చుక్కల కాగితం మా ఆవిడ తీసుకుంటానంది. బాబాయ్, ఆదివారం వాన అంటున్నారు. అప్పుడు కూడా ఇదేనా?

గీలాంగ్ బాబాయ్:
వానలో హ్యాండ్‌బాల్ (బంతిని పిడికిలితో కొట్టి అందించడం) తగ్గించండి, తడి బంతి జారిపోతుంది. బురదలో వంగి ఎత్తే టైమ్ లేకపోతే కాలితో నేల మీద నుంచే ముందుకు తన్నేయమనండి, ఈ ఆటలో అది తప్పు కాదు. ఒక్క చేత్తో ఎవరూ పట్టొద్దు, ఒళ్ళు బంతి వెనకాల ఉండాలి. స్పేర్ సాక్సులు, తువ్వాళ్ళు రెండేసి తీసుకెళ్ళండి.