పల్లెలో వైర్‌లెస్ ఇంటర్నెట్ సాయంత్రమైతే ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న:
మా ఇల్లు టవరుకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. డాబా మీద బిగించిన డిష్ యాంటెన్నాతో 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద నడిచే కనెక్షన్ వాడుతున్నాము. పొద్దున వేగం చెప్పినంతా వస్తుంది కానీ, రాత్రి ఏడు దాటితే వీడియో కాల్‌లో మాట ముక్కలవుతుంది, పిల్లల ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోతుంది. చెట్లు చిగుర్చాక పగలు కూడా అప్పుడప్పుడు లైన్ తెగిపోతోంది. ఫిర్యాదు చేస్తే సిగ్నల్ బాగానే ఉందంటున్నారు. యాంటెన్నా బిగించిన పైపు ఎత్తు పెంచాలా, ఉపగ్రహ కనెక్షన్‌కు మారాలా?

మొదటి సమాధానం:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలని నా అభిప్రాయం. రాత్రిపూట ఇబ్బందికి కారణం రద్దీ కావచ్చు. టవరు మీది ఒక్కో సెక్టారు (ఒక్కో దిక్కుకు సిగ్నల్ పంపే భాగం) సామర్థ్యాన్ని దాని పరిధిలోని ఇళ్లన్నీ పంచుకుంటాయి కనుక, అందరూ ఒకేసారి వీడియోలు చూస్తే సిగ్నల్ ఏమాత్రం తగ్గకపోయినా వేగం పడిపోతుంది. పరికరం సెట్టింగుల పేజీలో కనిపించే సిగ్నల్ అంకెను పొద్దునా రాత్రీ రాసి పెట్టుకోండి. అవే వేళల్లో మీ రౌటర్‌కు ఒకసారి, సంస్థ గేట్‌వేకు (మీ లైను సంస్థ నెట్‌వర్క్‌లో చేరే పరికరానికి) ఒకసారి పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. రౌటర్ దగ్గరే ఆలస్యమైతే లోపం ఇంట్లోని వైఫైది. సిగ్నల్ అంకె మారకుండా గేట్‌వే దగ్గర మాత్రమే ఆలస్యం పెరిగితే, మీరు పైపు ఎంత ఎత్తు పెంచినా ప్రయోజనం ఉండదు. ఆ వివరాలు తేదీ, సమయంతో సహా రాసి పంపితే "సిగ్నల్ బాగానే ఉంది" అన్న జవాబుతో సరిపెట్టడం వారికి కష్టమవుతుంది.

రెండవ సమాధానం:
పగటి అంతరాయాలకు చెట్లే కారణమనిపిస్తోంది. ఆకుల్లోని నీరు ఈ పౌనఃపున్యాన్ని బాగా పీల్చుకుంటుంది, తడిసిన ఆకులైతే మరీను. డాబా మీద నిలబడితే టవరు కంటికి కనిపిస్తోంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు కానీ, అది చాలదు. చూపు రేఖ చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే ఖాళీ స్థలం కూడా కావాలి. మీరు చెప్పిన దూరానికి, పౌనఃపున్యానికి దారి మధ్యలో దాని వ్యాసార్ధం సుమారు 8 మీటర్లు. అందులో కనీసం 60 శాతం అడ్డు లేకుండా ఉండాలంటారు. ఎత్తు పెంచవలసి వస్తే ఈ లెక్క వేసుకున్నాకే పెంచండి. బయటి కేబుల్ కనెక్టర్లను కూడా విప్పి చూడండి. లోపల పచ్చటి తుప్పు కనిపిస్తే నీరు చేరిందన్నమాట.

మూడవ సమాధానం:
ఉపగ్రహ కనెక్షన్ తీసుకునే ముందు అది ఏ కక్ష్యకు చెందినదో అడగండి. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర ఉపగ్రహాలైతే సమాచారం వెళ్లి రావడానికి అర సెకనుకు పైగా పడుతుంది కనుక వీడియో కాల్ సాఫీగా సాగదు. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు ఆ చిక్కు లేదు, అయితే వాటికి ఆకాశం విశాలంగా కనిపించాలి. చెట్ల బెడద అక్కడా తప్పదు. పరీక్షల వంటి అవసరాలకు రెండవ దారిగా మొబైల్ సిమ్ వేసే రౌటర్ ఉంచుకోవడం నాకు మేలనిపిస్తుంది. కాకపోతే రెండు సంస్థల పరికరాలూ ఒకే టవరు మీద, ఒకే బ్యాటరీలతో, ఒకే ఫైబర్ లైనుపై నడుస్తుంటే కరెంటు పోయి బ్యాటరీలు అయిపోయినా, ఫైబర్ తెగినా రెండూ కలిసే ఆగిపోతాయి. సిమ్ కొనకముందే ఆ సంగతి విచారించండి.