బంకమట్టిలో నిమ్మచెట్టు, చిగురాకులు పసుపుగా వస్తున్నాయి, యూరియా పెంచాలా?

ప్రశ్న:
నిమ్మచెట్టుకి నాలుగేళ్ళు, నేలంతా బంకమట్టే, తడిస్తే కాళ్ళకి అంటుకుని వదలదు ఎండితే వేలు పట్టేంత బీటలు. నెలనెలా చెట్టు మొదలు దగ్గర గుప్పెడు యూరియా వేస్తున్నా. ఇప్పుడు కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం సన్నగా ఆకుపచ్చగానే ఉన్నాయి, ముదురాకులు బాగున్నాయి. యూరియా పెంచాలా, డీఏపీ వెయ్యాలా? రోజూ చూస్తుంటే బాధేస్తోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
యూరియా అస్సలు పెంచకండి. యూరియా ఇచ్చేది నత్రజని, అది తక్కువైతే ముందు ముదురాకులే ఈనెలతో సహా పాలిపోతాయి, మీరు చెప్పింది ఇనుము లోపంలా ఉంది. బంకమట్టి పోషకాల్ని పట్టి ఉంచుతుంది, ఇసుక నేలలాగా ప్రతి తడికీ కొట్టుకుపోవు, అందుకే నెలనెలా అక్కర్లేదు, ఏడాది మోతాదుని 3 దఫాలు చేసి వేస్తే చాలు. చెట్టు మొదలు దగ్గర కాదు, కొమ్మల చివరలు నేల మీద ఎక్కడిదాకా నీడ పడతాయో అక్కడ చుట్టూ చల్లి నీళ్ళు పెట్టండి, నీళ్ళు తాగే సన్న వేళ్ళు ఎక్కువ అటే ఉంటాయి. డీఏపీ కూడా వద్దు, అందులో భాస్వరం ఎక్కువ, అది మితిమీరితే ఇనుము, జింక్ అందడం ఇంకా కష్టమవుతుంది.

జవాబు 2:
ఎరువు సంగతి తర్వాత, ముందు నీళ్ళు ఇంకుతున్నాయో లేదో చూడండి. చెట్టుకి కాస్త దూరంగా అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి, ఇంకాక మళ్ళీ నింపండి, తెల్లారినా నిలిచే ఉంటే వేళ్ళకి గాలి ఆడట్లేదని అర్థం. ఒక సన్న వేరు లాగి చూడండి, పైతొక్క జారిపోయి లోపల దారం మిగిలిందంటే అది కుళ్ళు. నేను ఇది చూసుకోకుండా రెండేళ్ళు ఎరువులే మార్చుకుంటూ పోయి చెట్టు పోగొట్టుకున్నా, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ప్రశ్న అడిగినవారు:
గుంట తీశానండీ, పొద్దున్నకి సగం నీళ్ళు అలాగే ఉన్నాయి. వేరు మాత్రం గట్టిగా తెల్లగానే ఉంది. ఇసుక కలపమంటారా?

జవాబు 2:
వేరు బాగుంది, అదే పెద్ద ఊరట. ఇసుక వద్దు, బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే ఇటుకలా గట్టిపడుతుంది. నీళ్ళు బయటికి పోయేలా కాలువ తీసి, బాగా మాగిన కంపోస్టు పైన పరచండి, మొదలుకి తగలకుండా జానెడు వదిలి. రెండు అంగుళాల లోతు మట్టి ఆరాకే మళ్ళీ తడి పెట్టండి.

జవాబు 1:
మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) కూడా పరీక్ష చేయించండి. 7 దాటితే మామూలుగా దొరికే ఈడీటీఏ రకం ఇనుము ఎరువు నేలలో వేసినా నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం ఇనుము ఎరువు అడగండి. ఆకులు చిన్నగా, సన్నగా కూడా వస్తుంటే జింక్ లోపం, లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, రెండున్నర గ్రాముల తడిపిన సున్నం కలిపి లేత ఆకుల మీద పిచికారీ చెయ్యండి, మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు. ఇప్పటికే పసుపెక్కిన ఆకులు పూర్తిగా తేరుకోకపోవచ్చు, వాటిని చూసి కంగారుపడి మళ్ళీ యూరియా పొయ్యకండి, తర్వాత వచ్చే చిగురు రంగు చూడండి.