సింగపూర్‌లో అద్దె ఇల్లు: ‘లైట్ కుకింగ్’ అని రాసుకుంటే తాలింపు వేయకూడదా?

తాలింపుగిన్నె
అందరికీ నమస్కారం. సెంగ్‌కాంగ్‌లో రెండేళ్ళు ఉన్న కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంట్) పోయిన నెలాఖరుకి ఖాళీ చేశాం. అద్దె 3,400 డాలర్లు, డిపాజిట్ రెండు నెలలది 6,800. ఓనర్ అందులో 1,450 పట్టుకుని మిగతాది వేశాడు. ఎందుకయ్యా అంటే వంటింటి గోడలకు పెయింట్, పొయ్యి మీద పొగ లాగే హుడ్ మార్చడం, అల్మరాలు కడిగించడం, ‘కూర వాసన’ పోవడానికి హాల్లో ఏసీకి కెమికల్ వాష్ అట. అగ్రిమెంట్‌లో ‘లైట్ కుకింగ్ ఓన్లీ’ అని ఉందట. నేను వండింది పప్పు, చారు, ఒక కూర. ఆదివారం చికెన్. బజ్జీలు, పూరీలు పండక్కి తప్ప లేవు. తాలింపు వేస్తే హెవీ కుకింగ్ కిందికి వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జురాంగ్ పాతకాపు
సంతకం పెట్టారా లేదా?

తాలింపుగిన్నె
పెట్టాం. మావారు పెట్టారు.

జురాంగ్ పాతకాపు
అయితే చర్చ ఏముందమ్మా. ఇక్కడ కాగితం మీద ఉన్నదే మాట. నేను 2004 నుంచి ఇక్కడే ఉన్నాను. మనవాళ్ళు అగ్రిమెంట్‌లో అద్దె అంకె, తాళాలిచ్చే తేదీ తప్ప ఏమీ చదవరు. మూడు నెలలకోసారి ఏసీ సర్వీసింగ్ అని ఉంటుంది, చేయించరు. చిన్న రిపేర్లకి మొదటి 200 డాలర్లు అద్దెకున్నవాళ్ళే పెట్టుకోవాలని ఉంటుంది, కుళాయి కారితే ఓనర్‌కి ఫోన్ చేస్తారు. చివర్లో డిపాజిట్ కోసేసరికి అన్యాయం అంటారు.

లెక్కల మాస్టారు
‘లైట్’ అంటే ఎంత అని అగ్రిమెంట్‌లో ఉందా? తాలింపుకి పట్టేది రెండు చెంచాల నూనె. ఇక్కడి చైనీయులు వోక్‌లో (లోతు మూకుడు) కాంగ్‌కాంగ్ ఆకుకూర వేయించడానికి గరిటెడు నూనె పోస్తారు, మంట కప్పు దాకా లేస్తుంది. అది లైట్, ఇది హెవీనా?

గుంటూరు ఘాటు
మాస్టారు కరెక్ట్. మా పక్కింటి ఆంటీ పొద్దున్నే బెలచాన్ వేయిస్తుంది. రొయ్యల ముద్ద అది, ఎర్రగా వేగుతుంటే మన ఎండుచేపల కూర దాని ముందు అగరొత్తి. దురియన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎంఆర్టీ రైల్లోకి తేవద్దని బొమ్మేసి మరీ బోర్డు పెట్టారు. అయినా ‘దురియన్ తినేవాళ్ళకి ఇల్లు ఇవ్వం’ అని ఎవరైనా రాశారా?

జురాంగ్ పాతకాపు
ఆంటీ సొంతింట్లో వేయించుకుంటోంది. మీరు అద్దెకున్నారు. తేడా అదే.

ఊడ్‌ల్యాండ్స్ వాణి
ఇంగువ తగ్గించండి అక్కా. నేను మానేశాక ఎవరూ ఏమీ అనలేదు.

లెక్కల మాస్టారు
ఇంగువ ఎగిరిపోయే వాసన, గోడకి పట్టదు. గోడకి పట్టేది నూనె ఆవిరి. రెండూ కలిపేయకండి.

సిద్దిపేట చిన్నోడు
ఇంగువ లేని పప్పుచారు పప్పుచారా అక్కా 🙏

పత్రాలపిచ్చి
తాలింపుగిన్నె గారూ, ఇంగువ సంగతి పక్కన పెట్టి నా మాట వినండి. లీజు రెండేళ్ళకి మించలేదు కాబట్టి చిన్న మొత్తాల తగాదాలు వినే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. అక్కడ 20,000 డాలర్ల దాకా వింటారు. మీది 5,000 లోపు గనక ఫీజు 10 డాలర్లే. లాయర్లు ఉండరు, ఆన్‌లైన్‌లోనే వేయాలి. ముందు రాజీకి కూర్చోబెడతారు. మీకు కావలసినవి: ఇల్లు చేతికొచ్చిన రోజు ఫోటోలు, ఖాళీ చేసిన రోజు ఫోటోలు, ఏసీ సర్వీసింగ్ రసీదులు, ఓనర్ నిజంగా ఖర్చు పెట్టినట్టు బిల్లులు. అగ్రిమెంట్‌లో మామూలు వాడకం వల్ల అరిగినవి మినహాయింపు అని ఒక ముక్క ఉంటుంది, వెతకండి. బిల్లు చూపించకుండా 1,450 అన్నాడంటే అది నోటి లెక్క.

తాలింపుగిన్నె
థాంక్స్ అండీ. ఏసీ రసీదులు ఎనిమిదీ ఉన్నాయి. దిగిన రోజు ఫోటోలు హాలువి ఉన్నాయి, వంటింటివి రెండే. హుడ్‌ది లేదు. బిల్లులు అడిగితే ఏజెంట్ ‘ఓనర్ విల్ సెండ్’ అంటోంది, మూడు వారాలైంది.

గుంటూరు ఘాటు
కేసు వేయండి మేడం. 2011లో ఏమైందో చాలామందికి తెలీదు. అంతకు కొన్నేళ్ళ ముందు చైనా నుంచి వచ్చిన కుటుంబం పక్కింటి ఇండియన్ల కూర వాసన పడట్లేదని మధ్యవర్తుల దగ్గరికి వెళ్తే, ఆ చైనా కుటుంబం ఇంట్లో లేనప్పుడే కూర వండుకునేలా రాజీ కుదిర్చారు. అది 2011లో పేపర్‌లో వచ్చాక ఊరంతా మండిపడింది. ఆగస్టు 21న పని గట్టుకుని అందరూ ఇళ్ళలో కూర వండి పంచుకున్నారు. చైనీయులు, మలయ్‌లు, అందరూ. మనకి మద్దతు ఉందిక్కడ.

జురాంగ్ పాతకాపు
నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను బాబూ, మా ఇంట్లో కూడా వండాం. కానీ కథ సగమే చెప్పావు. ఆ ఇండియన్ కుటుంబం సింగపూర్ వాళ్ళది. కొత్తగా వచ్చినవాళ్ళు ఊరివాళ్ళకి రూల్ పెడతారా అన్న కోపంతో ఊరు కదిలింది, మసాలా మీద ప్రేమతో కాదు. ఇక్కడ కొత్తగా వచ్చింది మీరు. ఆ లెక్కన ఆ రోజు జనం ఎవరి మీద కోప్పడ్డారో మీరు ఆ వైపు ఉన్నారు.

గుంటూరు ఘాటు
వచ్చి పదేళ్ళైంది, ట్యాక్స్ కడుతున్నాను, ఇంకా కొత్తేనా?

జురాంగ్ పాతకాపు
వర్క్ పాస్ మీద ఉన్నన్నాళ్ళూ అంతే. ఉద్యోగం పోతే నెలలో సర్దుకోవాల్సిన వాళ్ళం.

ఊడ్‌ల్యాండ్స్ వాణి
అన్నా, మీరు ‘వాళ్ళం’ అంటున్నారు. మీది బ్లూ ఐసీ (పర్మనెంట్ రెసిడెంట్ కార్డు) కదా?

జురాంగ్ పాతకాపు
పింక్, పౌరుల కార్డు. 2013లో తీసుకున్నాను. మా వాడు రెండేళ్ళు ఎన్‌ఎస్ (తప్పనిసరి సైనిక సేవ) చేసి వచ్చాడు. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

గుంటూరు ఘాటు
ఉంది. సొంతిల్లు ఉన్నవాళ్ళకి నీతులు చెప్పడం తేలిక.

జురాంగ్ పాతకాపు
సరే, చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాకు ఒక ఫ్లాట్ అద్దెకి ఉంది. 2019లో మన తెలుగు కుటుంబానికే ఇచ్చాను, మనవాళ్ళు కదా అని వంట మీద ఒక్క షరతూ పెట్టలేదు. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేశారు. హుడ్ విప్పితే జిగురు తేనెలా కారింది. అల్మరా తలుపుల అంచులు ఉబ్బిపోయాయి. పొయ్యి వెనక పలకల మధ్య సిమెంట్ పసుపు రంగు. నెల రోజులు ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చి చూసినవాళ్ళు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి వెనక్కి పోయేవాళ్ళు. లిఫ్ట్‌లో పక్కింటాయన ‘యువర్ పీపుల్ ఆ’ అన్నాడు. ఆ రోజు నుంచి మనవాళ్ళకి ఇవ్వట్లేదు. దాచుకోవాల్సిన పని నాకు లేదు.

సిద్దిపేట చిన్నోడు
అయ్యో 🙄

గుంటూరు ఘాటు
వాహ్. ‘సారీ, ఓనర్ ప్రిఫరెన్స్’ అని మెసేజ్ పెట్టే ఓనర్ మీరేనన్నమాట. ఇన్నాళ్ళూ ఆ ఓనర్ ఇంకెవరో అనుకుని తిట్టుకుంటున్నాం. ఒక కుటుంబం హుడ్ తుడవలేదని తెలుగువాళ్ళందరికీ తాళం వేశారు.

జురాంగ్ పాతకాపు
నా ఇల్లు నా ఇష్టం.

లెక్కల మాస్టారు
రెండేళ్ళలో హుడ్ ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చాలో మీరు వాళ్ళకి చెప్పారా?

జురాంగ్ పాతకాపు
మాస్టారూ, మీరు కాసేపు ఆగండి.

పత్రాలపిచ్చి
ఘాటు గారూ, ప్రతి తిరస్కారమూ ఇష్టాయిష్టాల వల్లే కాదు. హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ సంస్థ) ఫ్లాట్ మొత్తం అద్దెకి ఇవ్వాలంటే పౌరులు కానివాళ్ళకి కోటా ఉంది, పేటకి 8 శాతం, బ్లాక్‌కి 11 శాతం. మలేషియన్లు ఆ లెక్కలోకి రారు. నిండితే ఓనర్ ఇవ్వాలనుకున్నా కుదరదు.

గుంటూరు ఘాటు
కాండోకి కోటా లేదుగా. అక్కడేమంటారు?

తాలింపుగిన్నె
నేను మొదలుపెట్టిన చర్చ కాబట్టి అడుగుతున్నాను, కాస్త వినండి. రెండేళ్ళ కిందట ఇల్లు వెతికేటప్పుడు పదకొండు ఏజెంట్లకి మెసేజ్ పెట్టాం. అద్దె గురించి మాట్లాడకముందే ‘వేర్ యూ ఫ్రమ్? కుక్ ఎవ్రీడే?’ అని అడిగేవాళ్ళు. మా పేరు చూశాక ఏడుగురు జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక్క ఇల్లు చూపించారు, ఆ సాయంత్రమే అడ్వాన్స్ ఇచ్చేశాం.

ఇంకొకటి. ఆ ‘లైట్ కుకింగ్’ లైన్ ఉందని నాకు తెలీదు. మావారికి తెలుసు. మొన్న డిపాజిట్ గొడవలో అగ్రిమెంట్ తెరిస్తే ఆ పేజీ కింద ఆయన పొట్టి సంతకం ఉంది. ఆయన రెండేళ్ళూ నేను పోపు పెట్టే ముందు తడి టవల్ తెచ్చి వీధి తలుపు కింద సందులో దూర్చేవారు. ఎందుకండీ అంటే పొగ అలారం మోగుతుంది అనేవారు. మా అమ్మ నెల రోజులుండటానికి వస్తే ఆవిడకీ అదే చెప్పారు. అమ్మ పాపం ఆ టవల్ తనే తడిపి సిద్ధంగా పెట్టేది, ఎండుమిరపకాయ నూనెలో వేసే ముందు. వేరే ఇల్లు దొరకదని భయపడి సంతకం పెట్టానని ఆయన ఇప్పుడు చెబుతున్నారు. పాతకాపు గారూ, సంతకం పెట్టారా లేదా అని మీరు అడిగారు. ఇలా పెట్టాం.

ఊడ్‌ల్యాండ్స్ వాణి
అక్కా 😔 నేను ఇంగువ మానేసింది కూడా అందుకే. ఇందాక గొప్పగా చెప్పాను.

జురాంగ్ పాతకాపు
అమ్మా, మీ మీద నాకు కోపం లేదు. నేను వచ్చిన కొత్తలో జురాంగ్‌లో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఇంటి ఆంటీ పొయ్యి ముట్టనిచ్చేది కాదు. రైస్ కుక్కర్ మంచం కింద దాచుకుని, ఆవిడ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు అన్నం వండి పచ్చడి కలుపుకునేవాళ్ళం. మూడేళ్ళు అలాగే. లిటిల్ ఇండియాలోని టెక్కాలో అరటాకు మీద భోజనం నెలకొకసారి. ఓర్చుకున్నాం. ఇప్పుడొచ్చేవాళ్ళకి ఓర్పు లేదు, అంతే నేననేది.

గుంటూరు ఘాటు
ఇదీ అసలు సంగతి. మీరు పడ్డారు కాబట్టి మేమూ పడాలి. ఆంటీ చేసింది తప్పని ఒక్కసారి కూడా అనలేదు మీరు.

జురాంగ్ పాతకాపు
తప్పనుకుంటే ఇక్కడ ఇరవై ఏళ్ళు ఎలా ఉంటాను?

*(ఇక్కడ ఐదు పోస్టులు తీసేశాం. వ్యక్తిగత దూషణలు వద్దు. – నిర్వాహకుడు)*

పత్రాలపిచ్చి
మళ్ళీ అడుగుతున్నాను, బిల్లులు వచ్చాయా?

తాలింపుగిన్నె
రాలేదండీ.

కొత్తగా_వచ్చా
హాయ్, పోస్టులన్నీ చదవలేదు. వచ్చే నెల ఫ్యామిలీ వస్తోంది, సెంగ్‌కాంగ్ వైపే చూస్తున్నాం. ఆ ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా? ఎల్‌ఆర్టీ రైలు స్టేషన్‌కి ఎంత దూరం? మేం పెద్దగా వండం.

తాలింపుగిన్నె
ఎల్‌ఆర్టీకి నాలుగు నిమిషాల నడక. ఖాళీగానే ఉంది, ఇప్పుడే లిస్టింగ్ చూశాను, 3,600 పెట్టారు. పోయిన వారం తీసిన ఫోటోలట. వంటింటి గోడ అలాగే ఉంది, మా క్యాలెండర్ తగిలించిన మేకుతో సహా. హుడ్ కూడా పాతదే, ఎడమ పక్క సొట్టతో.

పత్రాలపిచ్చి
ముందు ఆ ఫోటోలు తేదీతో సహా సేవ్ చేసుకోండి. ఇప్పుడే.

జురాంగ్ పాతకాపు
లిస్టింగ్ లింక్ కూడా స్క్రీన్‌షాట్ తీయండి, రాత్రికి రాత్రే మార్చేస్తారు. ఫారం నింపేటప్పుడు సందేహం ఉంటే నాకు మెసేజ్ పెట్టండమ్మా.