సమస్యాపూరణం: నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె

ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం (దీనికి ముందు మూడు పాదాలు చేర్చి పద్యం పూర్తి చేయాలి):

నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈసారి పాదం వెనక ఒక ఇంగ్లీషు మాట దాగి ఉంది. మనం రోజూ వాడేదే: కర్ఫ్యూ. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అందులో ముందు సగానికి కప్పు అని, వెనక సగానికి నిప్పు అని అర్థం. రెండూ కలిపితే "నిప్పు కప్పు" అన్న ఆజ్ఞ. ఫ్రెంచివాళ్లు నేటికీ ఆ మాటనే వాడుతున్నారు. మధ్యయుగాల్లో యూరప్ ఊళ్లలో కర్రగోడలు, గడ్డికప్పులు. ఒక్క రవ్వ ఎగిరితే వీధి వీధంతా బూడిదే. అందుకని పొద్దుపోయాక గంట కొట్టేవారు. ఇంగ్లండులో సాధారణంగా ఎనిమిదింటికి. ఆ గంట వింటే పొయ్యి మీద బూడిద కప్పి పడుకోవాలి. తర్వాత ఆ మాట గంటకే పేరైంది, ఆ వేళకు పేరైంది, చివరికి "గడప దాటొద్దు" అన్న ఉత్తర్వుకు పేరైంది. పొయ్యి మీద బోర్లించే మట్టిమూతను, ఇత్తడిమూతను కూడా కర్ఫ్యూ అనేవారు. ఇక మీ పూరణలు పంపండి.

తెనాలి మాస్టారు:

నాడు గంట మ్రోగ నట్టింటి పొయ్యిలో
బుగ్గిఁ గప్పె తల్లి ప్రొద్దు గ్రుంక;
నేడు జీపు మైకు నినదింపఁ గర్ఫ్యూను
నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె.

నిర్వాహకుడు: మాస్టారూ, "నట్టింటి పొయ్యి" అన్నందుకు ప్రత్యేకంగా అభినందనలు. ఆ కాలపు ఇళ్లలో పొయ్యి నిజంగానే హాలు నడుమ ఉండేది, పొగ పైకప్పు సందులోంచి పోయేది. యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరాల్సిన అక్షరమైత్రి) కోసం వేసినట్టు కాకుండా చూసి చెప్పినట్టుంది.

హైదరాబాద్ సభ్యుడు: పద్యం నడక బాగుంది గానీ మాస్టారూ, వరస తిరగబడింది. ఊళ్లో నిప్పు రేగాకే కర్ఫ్యూ పెడతారు. మైకు మోగాక నిప్పు రేగిందంటే కార్యం ముందు, కారణం వెనక అయింది. నేను పాతబస్తీలో పెరిగినవాణ్ణి. కర్ఫ్యూ అనగానే మా ఇంట్లో వినిపించిన మొదటి మాట "పాలు ఉన్నాయా?" అని. రెండు గంటలు సడలించారంటే చాలు, గిన్నె పట్టుకుని పరుగు.

తెనాలి మాస్టారు: నాయనా, నేను చెప్పిన నిప్పు వీధిలోది కాదు, కడుపులోది. నువ్వు చెప్పిన ఆ పరుగే. మైకు విన్న క్షణాన ప్రతి ఇంట్లో పుట్టే ఆ టెన్షన్‌కు నిప్పు కన్నా సరైన మాట నాకు దొరకలేదు.

హైదరాబాద్ సభ్యుడు: అలాగైతే ఒప్పుకుంటున్నానండీ. ఇంకొక్క సందేహం. "నినదింపఁ గర్ఫ్యూను" అని ఇంగ్లీషు మాటకు కూడా క ను గ చేయాలా?

నిర్వాహకుడు: ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం (ఇక్కడ క) వచ్చింది కాబట్టి మాస్టారు నియమం పాటించారు. అన్యదేశ్యాలను (పరభాషా పదాలను) అలాగే వదిలేసే కవులూ ఉన్నారు. కర్ఫ్యూ మనలో కలిసిపోయి చాలాకాలమైంది కాబట్టి నాకు గర్ఫ్యూ కూడా చెవికి బాగానే ఉంది.

న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ: ఇక్కడ పిల్లలు ఇల్లు చేరాల్సిన వేళను కర్ఫ్యూ అంటారు. పెట్టేది పోలీసులు కాదు, నేనే.

పదికి నిల్లు చేరు బంగారు కొండవై
అనిన తల్లి మీద నలిగె పిల్ల;
హద్దు లేల నాకు నందరు తిరుగంగ?
నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె.

నిర్వాహకుడు: అమ్మా, మాట అర్థం ఎంత దూరం నడిచిందో మీ పద్యమే చూపించింది. "బంగారు కొండవై" అన్న బుజ్జగింపు తర్వాత రేగిన మంట సహజంగా ఉంది. చిన్న సవరణ: మొదటి పాదం చివర "వై", రెండో పాదం మొదట "అనిన". అక్కడ విసంధి (సంధి చేయకుండా అచ్చును విడిగా వదలడం) ఉంది. "యనిన" అంటే సరిపోతుంది. యకారానికి అకారంతో యతి చెల్లుతుంది కాబట్టి ఇంకేమీ మార్చక్కర్లేదు.

వరంగల్ తమ్ముడు: గురువుగారూ, నా మొదటి ఆటవెలది. 1666 లండన్ అగ్నిప్రమాదం మీద రాశాను. మూడో పాదం "నాలుగు దినాలు కాలె నగరంబు లండను". తప్పులుంటే చెప్పండి.

నిర్వాహకుడు: తమ్ముడూ, "నాలుగు" భగణం (గురువు, రెండు లఘువులు). ఆ చోట సూర్యగణం కావాలి, అంటే గలమో (గురువు, లఘువు), నగణమో (మూడు లఘువులు). "నాల్గు నాళ్లు" అని చూడు. సవరించి మొత్తం పెట్టు.

వరంగల్ తమ్ముడు:

రొట్టె కొట్టు వాడు గట్టిగా నమ్మెను
పొయ్యి లోన నిప్పు పోయె ననుచు;
నాల్గు నాళ్లు కాలె నగరంబు లండను
నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో రొట్టె, గట్టి ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) చక్కగా కుదిరింది. ఇంకో సంగతి చెబుతాను, రెండో పాదం మళ్లీ ఆలోచించుకోవచ్చు. పుడింగ్ లేన్‌లోని ఆ రొట్టెల కొట్టులో సెప్టెంబర్ 2 తెల్లవారుజామున మంట మొదలైంది. సుమారు 13,200 ఇళ్లు కాలిపోయాయి. తర్వాత విచారణలో కొట్టు యజమాని తాను అర్ధరాత్రి దాటాక గదులన్నీ చూశానని, ఒక్క పొయ్యిలోనే నిప్పు మిగిలిందని, దాన్ని జాగ్రత్తగా నివురులోకి ఎగదోశానని చెప్పుకున్నాడు. నిప్పు పోయిందని కాదు, కప్పానని! మన సమస్యలోని మాట అతని నోట్లోనే ఉంది.

తెనాలి మాస్టారు: ఒక ప్రశ్న. "నిప్పు నార్పు మాట" అన్నా గణాలు, యతి సరిపోయేవి. అర్థం ఇంకా సూటిగా ఉండేది కదా?

నిర్వాహకుడు: ఉండేది కాదండీ. ఈ సమస్య ఇచ్చిందే అందుకు. కప్పడం వేరు, ఆర్పడం వేరు. రాపిడితో వెలిగే అగ్గిపుల్ల అమ్మకానికి వచ్చింది 1827లో. అంతకుముందు పొయ్యి చల్లారితే చెకుముకి రాయి కొట్టుకోవాలి, లేదా పొరుగింటికి పోవాలి. కాబట్టి గంట మోగితే నిప్పును చంపేవారు కాదు, పొద్దుటిదాకా నిద్రపుచ్చేవారు. మనకిది కొత్తా? "నివురుగప్పిన నిప్పు" అని మనం ఇవాళ్టికీ అంటాం. కర్ఫ్యూకు నిఘంటువులు నిషేధాజ్ఞ అని ఏదో రాస్తాయి. అసలు సమానార్థం మన పొయ్యిగడ్డ మీదే ఉంది. ఇది గమనించిన రోజు నాకు చాలా సంతోషమైంది.

కరీంనగర్ టీచరమ్మ: మీ మాట చదివాక మా అవ్వ గుర్తొచ్చింది సార్. నా పద్యం ఇలా మొదలవుతుంది:

అవ్వ రాత్రి వేళ నార్పక పొయ్యిని
నివురుఁ గప్పి యుంచె నేర్పు తోడ;

న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ: ఎంత బాగుందో! కానీ అక్కా, ఒక్క అనుమానం. సమస్యలో "మాట" ఉంది. ఇక్కడ అవ్వ ఏమీ అనడం లేదు కదా. పని మాత్రమే చేస్తోంది.

నిర్వాహకుడు: అసలైన విమర్శ ఇది. సమస్యలోని ప్రతి పదానికీ పద్యంలో పని ఉండాలి. "మాట" ఊరికే మిగిలిపోతే అతికినట్టు తెలిసిపోతుంది. టీచరమ్మగారూ, అవ్వ చేత మాట్లాడించండి.

కరీంనగర్ టీచరమ్మ: రాత్రంతా ఇదే ఆలోచన. నిజానికి అవ్వ పిలిచి చెప్పేది, కప్పేదాన్ని నేనే. పొద్దున ఊదుడుగొట్టంతో ఊదితే బూడిద కింద ఎర్రగా కళ్లు తెరిచేది.

కప్పి రావె పొయ్యి గట్టిగా నివురుతో
ననెడి యవ్వ మాట నాలకించి
తెల్లవార నూద తేజమై వెలుగంగ
నిప్పుఁ గప్పు మాట నిప్పు రేపె.

నిర్వాహకుడు: కప్పే మాట నిప్పు రేపడమన్న విరోధమే ఇక్కడ లేకుండా పోయింది. కప్పినందుకే రేగింది. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే, తెనాలి మాస్టారు కూడా ఫోన్ చేసి ఇదే అన్నారు.

హైదరాబాద్ సభ్యుడు: 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా. దాని మీద ఎవరూ రాయలేదే?

నిర్వాహకుడు: మీరే రాయండి, గడువు ఆదివారం దాకా పొడిగిస్తున్నాను. అన్నట్టు, ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీలో గ్రేట్ టామ్ అనే గంట ఇప్పటికీ రాత్రి 9:05కి 101 సార్లు మోగుతుంది. ఒకప్పుడు అది కాలేజీల తలుపులు మూసే వేళకు గుర్తు. ఆ గంట మీద కూడా ఎవరైనా ప్రయత్నించవచ్చు.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

పొయ్యి లేని యింట పొయ్యి వెలిగె

ఆధారం: లాటిన్‌లో ఫోకస్ అంటే పొయ్యి. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఆ మాటను గణితంలోకి తెచ్చాడు.