కైటోసాన్ పూసల్లో లాకేస్: రంగు విరుగుతోందా, అంటుకుంటోందా?

మద్దిలపాలెం_ఎంటెక్:
అందరికీ నమస్తే. అద్దకం నీళ్ల మీద ప్రాజెక్ట్ చేస్తున్నా. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల పెంకులు తెచ్చి కైటోసాన్ (పెంకుల్లోని కైటిన్ నుంచి వచ్చే పదార్థం) తీసి, పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, సిరంజితో సోడియం హైడ్రాక్సైడ్‌లో చుక్కలు చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యంలా పూసలొచ్చాయి, వాటికి రంగుల్ని విరగ్గొట్టే లాకేస్ అనే ఎంజైమ్ ఎక్కించా. కాంగో రెడ్ అనే అద్దకం రంగు కలిపిన నీళ్లలో వేస్తే నీళ్లు తేటబడ్డాయి గానీ పూసలు ఎర్రగా అయిపోయాయి. ఎంజైమ్ పనిచేసిందనడానికి రుజువేదీ అంటున్నారు మా గైడ్. పైగా లాకేస్ కోసం పీహెచ్ 4కి తెస్తే పూసలే కరిగిపోతున్నాయి!!

పాత_ల్యాబోడు:
పూసలు ఎర్రబడ్డాయంటే రంగు వాటికి పట్టేసింది తమ్ముడూ. కాంగో రెడ్‌ది రుణావేశం, యాసిడ్ నీళ్లలో కైటోసాన్ అమైన్‌లది ధనావేశం, ఎంజైమ్ లేకపోయినా లాగేసుకుంటాయి. మరిగించి చంపేసిన ఎంజైమ్ ఎక్కించిన పూసలు కొన్ని చేసి పక్కనే ఇంకో బీకర్లో పెట్టు, రెండూ ఒకేలా తేటబడితే నీ లాకేస్ ఊరికే కూర్చున్నట్టే. వాడిన పూసల్ని పల్చటి సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి కూడా చూడు, ఎరుపు మళ్లీ బయటికొచ్చిందంటే ఆ రంగు విరగలేదు. కరగకుండా ఉండాలంటే ముందు గ్లూటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేసి (కైటోసాన్ గొలుసుల్ని ఒకదానికొకటి ముడేసి), బాగా కడిగాకే ఎంజైమ్ ఎక్కించు. ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద చెయ్, కళ్లు మండుతాయి.

పరవాడ_అక్క:
అసలు కాంగో రెడ్ ఎందుకు పెట్టుకున్నావ్? అది పీహెచ్ ఇండికేటర్ కూడా, 5 దాటితే ఎరుపు, 3 దగ్గర నీలం. పీహెచ్ 4లో రంగు మారిందంటే ఎంజైమ్ వల్లో యాసిడ్ వల్లో ఎవరికి తెలుస్తుంది, అన్ని శాంపిల్సూ 7కి తెచ్చాకే రీడింగ్ తీసుకో. నిజం అద్దకం నీళ్లలో ఉప్పు దండిగా ఉంటుంది, క్లోరైడ్ లాకేస్‌ని మందగింపజేస్తుంది, డిస్టిల్డ్ వాటర్ రిజల్ట్ చూసి మురిసిపోకు. ఇంకోటి, పూసలు బూజు పట్టకూడదని సోడియం అజైడ్ వేసి దాస్తారు కొందరు, లాకేస్‌కి అది విషమే.

మద్దిలపాలెం_ఎంటెక్:
థాంక్స్ అన్నా, అక్కా. రంగు వదిలేస్తే మరి దేని మీద చెయ్యాలి?

పరవాడ_అక్క:
ఫినాల్ తీసుకో. మన తాగేనీటి ప్రమాణంలో దాని హద్దు లీటరుకి 0.001 మిల్లీగ్రాములే. లాకేస్‌కి అది సూటిగా పడుతుంది, గాలిలో ఆక్సిజన్ చాలు, పెరాక్సైడ్ అక్కర్లేదు. బొగ్గుని కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లున్న ఊరు మన విశాఖ, వాటి మురుగునీళ్లలో ఫినాల్ ఉంటుంది, కాబట్టి ఫినాల్ ఎందుకని ఎవరూ అడగరు. కాకపోతే ఆ నీళ్లలో సయనైడ్ కూడా ఉంటుంది, అదీ లాకేస్‌ని ఆపేస్తుంది, కాబట్టి మొదట ఉత్త ఫినాల్‌తోనే మొదలెట్టు.