ఫారంలో 36 మార్కులు, ల్యాబు రిపోర్టు తెరవడం మాత్రం రాదు

బ్రాడీపేట_4వ_లైను:
పీజీ ప్రాజెక్టు కోసం గుంటూరులో సర్వే చేస్తున్నానండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, సిగరెట్టు... వీటివల్ల రేపో మాపో గుండెజబ్బు రావచ్చు అనుకునేవాళ్లు ఫోన్లో ఆరోగ్య సమాచారం ఎంతవరకు వెతుక్కోగలరో, వాడుకోగలరో కొలవాలి. ఈ-హీల్స్ అనే ప్రశ్నావళి తీసుకున్నాను. నార్మన్, స్కిన్నర్ 2006లో తయారుచేసింది. 8 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 40. నిన్న ఒక పెద్దాయనకు 36 వచ్చాయి. సంతకం పెట్టి లేస్తూ ఫోన్ నా చేతిలో పెట్టి, "అమ్మాయ్, ల్యాబువాళ్లు ఏదో పంపారు, ఎలా తెరవాలో చూడు" అన్నారు. మీ ఇళ్లలో ఎలా ఉంది?

పటమట_కుర్రాడు:
మా నాన్న కూడా అంతే. రోజూ యూట్యూబులో గుండె డాక్టర్ల వీడియోలే. మొన్న లిపిడ్ ప్రొఫైల్, అదే కొలెస్ట్రాల్ పరీక్ష, పీడీఎఫ్ వచ్చింది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162, పక్కన హెచ్ అని. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పక్కన ఎల్ అని. కళ్లజోడు ముక్కు మీదకి జరుపుకుని చూసి, "ఒకటి ఎక్కువుంది, ఒకటి తక్కువుంది, చెల్లుకు చెల్లు" అన్నారు! హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40కి తగ్గకూడదు నాన్నా అంటే, "కొలెస్ట్రాల్ తగ్గితే ఏడుస్తావేంట్రా?" అని నా మీదే ఎగిరారు. మంచి సమాచారమేదో నాసిరకమేదో పోల్చుకోగలరా అని మీ ఫారంలో ఉంటుంది కదా, దానికి కళ్లు మూసుకుని 5 వేస్తారు. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగితే బ్లాకులు కరుగుతాయని బంధువుల గ్రూపులో పెట్టింది కూడా ఈయనే.

సత్యనారాయణపురం_కోడలు:
మా అత్తగారిది రివర్సు. ఏదడిగినా "నాకేం వచ్చమ్మా" అనేస్తారు, మీ లెక్కలో 15 కూడా దాటరేమో. కానీ రోజూ పొద్దున కాఫీకి ముందే కుర్చీలో వెనక్కి ఆనుకుని అయిదు నిమిషాలు కూర్చుంటారు. చెయ్యి బల్లమీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకుని బీపీ తీసుకుంటారు. ఆ టైములో ఎవరైనా పలకరిస్తే చేత్తోనే ఆగమంటారు. మెషీన్ ఫొటో తీసి మా ఆడపడుచుకి పంపుతారు. ఎక్కువ వస్తే కంగారు పడరు, కాసేపాగి మళ్లీ చూస్తారు.

కొత్తపేట_స్టాఫ్‌నర్సు:
మీ ఫారం అడిగేది మనిషికి తనమీద తనకున్న నమ్మకాన్ని. పని చేతనవునో కాదో అది చెప్పదు. 2017లో నెదర్లాండ్స్ నుంచి వాన్ డర్ వార్ట్, డ్రోసార్ట్ అనే పరిశోధకులది డీహెచ్‌ఎల్‌ఐ అని ఇంకో ప్రశ్నావళి వచ్చింది. అందులో 21 ప్రశ్నలతోపాటు 7 చేసి చూపించే పనులు కూడా ఉంటాయి. సొంత వివరాలు ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అనేది కూడా చూస్తారు. ఓటీపీ అడిగితే చెప్పేసేవాళ్లున్న మన దగ్గర అది ముఖ్యం.
అనువాదం కూడా ఒకసారి చూసుకోండి. "ఇంటర్నెట్‌లో ఏ ఆరోగ్య వనరులున్నాయో తెలుసా" అంటే మా వార్డులో ఒకాయన "ఏ వనరులమ్మా, నీళ్లా?" అన్నాడు.

ఉండవల్లి_రైతుబిడ్డ:
మా బాబాయి సంగతి చెప్పాలి. టైపింగ్ రాదు, మైకు నొక్కి తెలుగులో అడుగుతాడు. ఒకరోజు రాత్రి "గుండెల్లో మంట" అని అడిగాడు. మన భాషలో ఆ మాట ఎసిడిటీకే కదా, వచ్చినవన్నీ గ్యాసు చిట్కాలే. మజ్జిగ తాగి పడుకున్నాడు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగుడు. పిన్ని 108కి ఫోన్ చేసింది. బతికాడు, స్టెంటు వేశారు. ఫోన్ వాడటంలో ఆయన తప్పేం లేదు. అడిగినదానికే జవాబొచ్చింది. "మంటతోపాటు చెమట కూడా పడుతోంది" అనాలని ఆయనకెవరు చెప్పారు? ఇది ఏ మార్కులోకి వస్తుందో మీరే చెప్పండి.

బ్రాడీపేట_4వ_లైను:
చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదండి. మా గైడు ఒప్పుకుంటే ఫారంతోపాటు మూడు పనులు పెడతాను. ఒక నమూనా రిపోర్టు తెరిచి ఎల్‌డీఎల్ ఎంతో చెప్పడం, బీపీ మెషీన్ మీది మూడు అంకెల్లో నాడి ఏదో చూపించడం, ఛాతీలో ఇబ్బందిగా ఉంటే ఫోన్‌ని ఏమని అడుగుతారో నా ముందే అడగడం. "వనరులు" తీసేస్తున్నాను.

సత్యనారాయణపురం_కోడలు:
ఒకటి మర్చిపోకండి, పవర్ అద్దాలు రెండు మూడు జతలు బ్యాగులో వేసుకెళ్లండి. మా అత్తగారైతే కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి, మొహమాటానికి అన్నిటికీ "తెలియదు" అనేస్తారు.