"భక్తి కలుగు కూడు": కూడు తిట్టుమాట ఎప్పటి నుంచి?

నకిరేకల్: గుడి కాడ అన్నదానం షెడ్డు మీద గంగిగోవు పాలు పద్యం రాయించాలె. మూడో పాదం "భక్తి కలుగు కూడు" అనా, "భక్తితోటి కూడు" అనా? ఇంకోటి, "తినేటోళ్ల ముందల కూడు అని రాస్తే ఎత్తిపొడిచినట్టు ఉంటది, బువ్వ అని మార్చుండ్రి" అని కమిటీల ఒకాయన పట్టుబట్టిండు. మార్చొచ్చా?

దేవరకొండ: "భక్తి కలుగు" అనే అందరి నోట ఉన్నది. గణాలు, అంటే పొట్టి పొడుగు అక్షరాల గుంపులు, చూడుండ్రి: ఈ పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కావాలె. భక్తి, కలుగు, కూడు సూర్యగణాలు; పట్టెడై రగణం, ననుచాలు సలం, ఈ రెండూ ఇంద్రగణాలు. కూడు ఉన్న చోట బువ్వ, తిండి, మెతుకు ఏది పెట్టినా గణం చెడదు. అన్నము పెడితే భగణమై, అది సూర్యగణం కాదు గనుక, పాదం కూలుతది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతోటి కుదిరే పొత్తు, భ-పలకు, కాబట్టి మూడో గణంతోటి దానికి పని లేదు. అంటే ఛందస్సు కోసం కూడు రాలేదు, కవి కోరి పెట్టిందే. దాన్ని మార్చొద్దు.

మిర్యాలగూడ: సారు, మొదటి పాదం సంగతి కూడ తేల్చుండ్రి. బళ్లె గరిటెడు అని చెప్తరు, మా దిక్కు గంటెడు అంటరు. గరిటెడై నగం, గంటెడై రగణం. రెండూ ఇంద్రగణాలే, యతి రెండింటికీ గకారమే. నా మటుకు గంటెడే సొంపుగ ఉన్నది, గం-గం అని చెవికి ఆనుతది.

దేవరకొండ: చెవికి ఆనుడు పాఠ నిర్ణయానికి సాక్ష్యం కాదు.

హుజూర్‌నగర్: మీరు కూడు కాడనే ఆగిన్రు. రెండో పాదంల ఖరము చూడుండ్రి. గాడిద అంటే నోట్లె తిట్టు ఉన్నది. ఖరము అంటే జంతువు పేరు మాత్రమే. 2011 ఉగాదికి పంచాంగం ఖర నామ సంవత్సరం అని చదివితే ఎవరూ నొచ్చుకోలే. గాడిద భగణం గనుక ఆ గణంల పట్టదు, నిజమే. అయినా ఫలితం చూడుండ్రి: తక్కువ చేసే వస్తువుకు తిట్టులేని సంస్కృతం పేరు, మెచ్చుకునే వస్తువుకు కూడు అనే ఇంటి మాట. నిందంతా కడివెడు, గంటెడు కొలతల తేడా నుంచే వస్తది.

అచ్చంపేట: ఈ పద్ధతి పోతన కాడ ఇంకా గట్టిగ ఉన్నది. "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు" మదనములకు పోదట. మదనమంటే ఉమ్మెత్త. రాయంచ తరంగిణులకు పోదట. తరంగిణి అంటే ఏరు, అందులో నింద ఏమున్నది? మందాకిని పక్కన పెట్టినందుకే అది చిన్నదైంది. ఒక్క చెడ్డమాట వాడకుండ ప్రహ్లాదునితోటి అంత మాట అనిపించిండు. ఆ సీసంలనే "పల్లవ ఖాదియై చొక్కు కోయిల" అంటడు. ఇప్పుడు కల్లు తాగి సొక్కిండు అంటే మెప్పా? ఆ కోయిలకు అదే మాట ఆనందం.

హుజూర్‌నగర్: అన్నా, చొక్కులో మైకం అనే అర్థం అప్పుడూ ఉన్నదే. కోయిల చిగురు తిని మత్తెక్కింది. మత్తు చెడ్డదని మనం ఇప్పుడు అనుకుంటున్నం, అంతే.

మిర్యాలగూడ: కూడుకు వస్తే, శ్రీనాథునిదని చెప్పే చాటువుల "ఉడుకు బచ్చలి శాకము జొన్నకూటితో మెల్లన నొక్క ముద్ద దిగమ్రింగుమ" అని కృష్ణుణ్ణే సవాలు చేస్తడు. ఈసడింపు అక్కడనే మొదలైంది.

దేవరకొండ: ఆ ఈసడింపు జొన్న మీద, కూడు మీద కాదు. "జొన్నబువ్వతో" అని పెట్టి చదువుండ్రి, గణం సరిపోతది, విసుగు తగ్గదు. కూడు ఒక్కతే ఉన్న సామెత చూడుండ్రి: కోటి విద్యలు కూటి కొరకే. ఏమన్న చిన్నచూపు ఉన్నదా? పాడైంది జోడు పదాలల్ల: పిండాకూడు, దండగ కూడు. దినం కూడ అట్లనే. దినాలు చేసిన్రంటే చావు ఇల్లే గుర్తొస్తది.

అచ్చంపేట: కుడుచు నుంచే కూడు వచ్చింది. "రండో బాలకులార చల్ది గుడువన్" అని పోతన కృష్ణుని నోట పలికించిన మాటకు మైల ఎట్లా అంటుతది? ఆ చల్దే మన సద్ది, సద్దుల బతుకమ్మ సద్ది.

నారాయణపేట: కుడుచు, కూడు ఒక్క ధాతువు కావు. కుడుచుకు తమిళంలో కుడి, అంటే తాగు. కూడుకు అక్కడ కూళు, దాని చివర నాలుక బాగా మడిచి పలికే ళకారం. కోళి మనకు కోడి అయినట్టు, ఏళు ఏడు అయినట్టు, ఇదీ డకారమైంది. కన్నడంలో కూళు అన్నమే గాని, ఇప్పుడు అక్కడ కూడ ఈసడింపుకే వాడుతరు. తమిళనాట మాత్రం ఆడి నెలల అమ్మవారి గుడి కాడ పోసే అంబలికి ఆ పేరే. మనకు ఆషాఢంల భోజనం బోనమై అమ్మవారి తలకెక్కింది, కూడు కిందపడ్డది.

అచ్చంపేట: డకారం ఒకటైనంక తెలుగు చెవికి ఆ రెండూ చుట్టాలే. ధాతువు వేరైతే వాడుక కలవద్దా?

నారాయణపేట: కలిసిందని చెప్పాలంటే రెండూ పక్కపక్కన వాడిన పాత ప్రయోగాలు కావాలె. "కూడు కుడిచి" అని ఎక్కడున్నదో చూపుండ్రి, ఒప్పుకుంట.

నకిరేకల్: పెయింటరు ఎల్లుండి వస్తడు. కూడా, బువ్వా?

మిర్యాలగూడ: గంటెడు అని మాత్రం రాయించుండ్రి.